మత్తు ఎక్కలేదని చెప్పింది

లోవలక్ష్మిది పెద్ద గొంతు. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి సైనిక్‌పురి వెళ్లే బస్సులో ఆమె కండక్టరు. వెనక మెట్టు మీద వేలాడే కాలేజీ కుర్రాళ్లు "లోపలికి నడవండి" అన్న ఆమె ఒక్క కేకకి, తిట్టుకుంటూనైనా సరే, లోపలికి వచ్చేవారు. ఆమె డ్యూటీలో ఉంటే ఈల అక్కర్లేదని డ్రైవర్లు నవ్వేవారు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాత ఆమె కథ విన్నవాళ్లలో చాలామంది అడిగిన మొదటి మాట "నువ్వు గట్టిగా చెప్పలేదేమోనమ్మా" అని.

గట్టిగానే చెప్పింది. ఆ గదిలో ఉన్న ప్రతివాళ్లకీ వినబడేలా చెప్పింది.

ఆమె తండ్రి పోలరాజు తుని దగ్గర నుంచి రైల్వే ఉద్యోగం మీద సికింద్రాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కూతుర్ని ఇంటర్ దాకా చదివించాడు. ఆర్టీసీ ఆడవాళ్లని కండక్టర్లుగా తీసుకోవడం మొదలుపెట్టిన కొత్తల్లో ఆమె దరఖాస్తు పెట్టింది, ఉద్యోగం వచ్చింది. తరవాత మేనత్త కొడుకు బాబ్జీతో పెళ్లయింది. అప్పటికి మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్నాయి. కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతి కుర్రాడికీ ఏదో ఒక మేడలో ఒక కుర్చీ దొరుకుతున్న రోజులు. బాబ్జీకి కూడా దొరికింది. అమెరికా వాళ్ల పనివేళల్లో సర్వర్లు చూసుకునే ఉద్యోగం. కార్ఖానా అనే పేటలో కమలాబాయి అనే ఆవిడ ఇంటి మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. కమలాబాయిది తరతరాలుగా ఆ చుట్టుపక్కలే. మనిషి కరుకు, మాట ఇంకా కరుకు.

లోవలక్ష్మి కడుపుతో ఉందని తెలియగానే బాబ్జీ కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు జేబులోంచి తీసి చూపించాడు.

"మనం సర్కారు ఆసుపత్రిలో వరసలో నిలబడే రోజులు పోయాయి లక్ష్మీ. ఏసీ గది, టీవీ. కార్డు గీకితే చాలు."

"ఆసుపత్రిలో టీవీ ఎందుకు బావా?" అని ఆమె నవ్వింది. కానీ ఆమెకీ సరదాగానే ఉంది. కార్ఖానాలోనే కొత్తగా పెట్టిన ఒక నర్సింగ్ హోమ్‌లో చూపించుకున్నారు. అక్కడి డాక్టరమ్మ వసుధ చల్లగా మాట్లాడేది. ప్రతిసారీ వీపు తట్టి, "ఏం కాదు, అంతా బాగుంది" అనేది.

నొప్పులు వచ్చిన రోజు పొద్దున చేరింది. మధ్యాహ్నానికి నొప్పులు ఆగిపోయాయి. వసుధ చూసి, పురుడు ముందుకి కదలడం లేదు, ఆపరేషన్ చేసేద్దాం అంది. "బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది, కంగారేమీ లేదు" అని కూడా అంది. ఆ మాట లోవలక్ష్మికి బాగా గుర్తుంది. కంగారేమీ లేదు.

మత్తు డాక్టరు యుగంధర్ ఆ నర్సింగ్ హోమ్ మనిషి కాదు. ఊళ్లో నాలుగైదు చోట్లకి వెళ్లి మత్తు ఇచ్చి వస్తుంటాడు. అప్పుడే ఇంకో చోట పని ముగించుకుని వచ్చాడు, మళ్లీ ఇంకో చోటికి వెళ్లాలి. ఆమెని కూర్చోబెట్టి, వంగమని, నడుములో సూది గుచ్చాడు. బల్ల మీద పడుకోబెట్టారు. చేతులు రెండు పక్కలకి చాపి గుడ్డతో కట్టారు. కాళ్లు బరువెక్కాయి. కదపమంటే కదపలేకపోయింది.

అతను స్పిరిట్‌లో ముంచిన దూది పొట్ట మీద రాశాడు. "చల్లగా తెలుస్తోందా?"

"తెలుస్తోంది సార్."

"కాళ్లు కదలడం లేదుగా?"

"కాళ్లు కదలడం లేదు. పొట్ట మీద మాత్రం బాగా తెలుస్తోంది."

"ఎక్కుతుందమ్మా. నువ్వు మనసులో దేవుణ్ణి తల్చుకో." వసుధ వైపు తిరిగి, "మీరు మొదలుపెట్టండి మేడం, ఈలోపు ఎక్కేస్తుంది" అన్నాడు. అతని సెల్‌ఫోన్ మోగింది. మాట్లాడుతూ తలుపు దాకా వెళ్లాడు.

ఆమె ముఖానికి అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కట్టారు. అవతల ఏం జరుగుతోందో కనిపించదు. మొదట చన్నీళ్లలాంటిది పోశారు, అదీ తెలిసింది. "మేడం, మత్తు ఎక్కలేదు" అంది లోవలక్ష్మి. ఎవరూ పలకలేదు. "మేడం, నాకు తెలుస్తోంది, కొంచెం ఆగండి" అంది, బస్సులో చివరి సీటుకి వినబడే గొంతుతో.

"ఏం కాదు. అలాగే అనిపిస్తుంది" అంది వసుధ.

కత్తి దిగింది.

దాన్ని వర్ణించను. ఆమె నాకు చెప్పినప్పుడు కూడా అక్కడ ఎక్కువ చెప్పలేదు. ఇంతే అంది: "కొవ్వొత్తి మంట పెట్టి గీత గీసినట్టు. తన్నుదామంటే కాళ్లు లేవు. తోసేద్దామంటే చేతులు కట్టేశారు. నాకు మిగిలింది నోరొక్కటే. దాన్నీ మూసుకోమన్నారు."

అవును, మూసుకోమన్నారు. ఆమె కేక పెడితే వసుధ విసుక్కుంది. "అలా అరిస్తే పొట్ట బిగుసుకుంటుంది. నాకు పని కష్టమవుతుంది. ఓర్చుకోవాలి, తల్లివి కాబోతున్నావు." యుగంధర్ ఫోన్ ముగించుకుని వచ్చాడు. అరుస్తున్న మనిషి తల దగ్గర నిలబడి, "అది నొప్పి కాదు, లాగినట్టు అనిపిస్తుంది, అంతే" అన్నాడు. నొప్పి ఆమెది. అది నొప్పో కాదో తేల్చింది అతను. ఆ తరవాత ఇద్దరూ వేరే సంగతులు మాట్లాడుకున్నారు. బిడ్డ ఏడుపు వినబడింది. అప్పుడు గానీ అతనికి ఆమె ఏడుపు వినబడలేదు. ఇంకో మందు నరంలోకి ఎక్కించాడు. పైకప్పు కిందికి దిగింది, గది గొట్టంలా సాగింది, ఆ గొట్టంలో ఆమె తలకిందులుగా జారిపోయింది. తను చచ్చిపోయానని అనుకుంది. మెలకువ వచ్చేసరికి ఏసీ గది. టీవీ నడుస్తోంది.

అత్త అమ్మన్నమ్మ బిడ్డని చూపించింది. "మగపిల్లోడే! నీ నోరే వచ్చింది సూడు, ఎలా అరుత్తున్నాడో."

లోవలక్ష్మి వాణ్ణి చూసింది. ఎవరో పరాయి పిల్లవాణ్ణి చూసినట్టు అనిపించింది. "అత్తా, నన్ను మత్తు లేకుండా కోశారు" అంది.

"అదేం మాటే? సూది ఏసేరు కదా."

"ఎక్కలేదు. చెప్పినా వినలేదు."

"ఆడదానికి నొప్పి కాక ఏటొస్తాదే? మేం పొయ్యి కాడ కనీసి, లేచి అన్నం వండినోళ్లం. పిల్లోడు బంగారంలా ఉన్నాడు. ఇంకా ఏటి కావాలి నీకు?"

బాబ్జీ మిఠాయి పొట్లాలతో వచ్చాడు. అతనికీ చెప్పింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని, "ఆపరేషన్ అంటే కొంచెం ఉంటుందిలే" అన్నాడు. కొంచెం! ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇంటికి వచ్చాక మొదలైంది అసలు కథ. వెల్లకిలా పడుకోలేదు. పడుకుంటే చేతులు కట్టేసినట్టు ఉండేది. వంటింట్లో అత్త స్టీలు గిన్నె మీద గరిటె పెట్టిన చప్పుడుకి ఒళ్లంతా చెమట పట్టేది. స్పిరిట్ వాసనలాంటిది ఎక్కడ తగిలినా కక్కుకునేది. బిడ్డ ఏడిస్తే పాలివ్వాలని తెలుసు, ఇచ్చేది, కానీ తల పక్కకి తిప్పుకుని ఇచ్చేది. ఆ ఏడుపుకీ ఆ బల్లకీ ముడి పడిపోయింది. పిల్లవాడికి తుని దగ్గర లోవలో వెలసిన కులదేవత పేరు మీద లోవరాజు అని పేరు పెట్టారు. ఆ రోజు వచ్చిన చుట్టాలందరూ తల్లి ముఖం చూసి గుసగుసలాడారు.

"పచ్చి బాలింతరాలివి, ఏడకూడదే. పాలు ఇరిగిపోతాయి," అని అమ్మన్నమ్మ బతిమాలింది. తరవాత కసిరింది. గాలి సోకిందని తాయెత్తు కట్టించింది, తలగడ కింద ఇనప ముక్క పెట్టింది. పాపం, ఆవిడ చెడ్డది కాదు. మనవడికి కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసేది, సాంబ్రాణి వేసేది, ఇల్లంతా తనే నెత్తిన వేసుకుంది. అయితే ఏం? మంచివాళ్లందరూ కలిసి ఒక మనిషిని నమ్మకపోతే, ఆ మనిషికి చెడ్డవాళ్లతో పనేముంది?

"నేనేం తక్కువ చేశానే?" అని బాబ్జీ ఒకరోజు అరిచాడు. "మంచి ఆసుపత్రిలో వేశాను. కార్డు ఉంది కాబట్టి సరిపోయింది. ఆఫీసులో అందరూ పిల్లల ఫొటోలు తెస్తారు. నేను తేవాలంటే, నువ్వు వాణ్ణి ఎత్తుకున్న ఫొటో ఒక్కటీ లేదు."

ఆమె అప్పటికి మాట్లాడటం మానేసింది. ఎవరికి చెప్పినా "బిడ్డ బాగున్నాడుగా" అనే అంటున్నారు. బిడ్డ బాగున్నాడు. ఆ మాట ఆమె నోటికి కుక్కిన గుడ్డ అయింది.

ఒక మధ్యాహ్నం, అత్త కునుకు తీస్తుండగా, ఆమె పిల్లవాణ్ణి ఎత్తుకుని కిందికి దిగింది. కమలాబాయి వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"ఆంటీ, వీణ్ణి మీరు పెంచుకోండి."

"ఏందమ్మా, మజాకా?"

"నా దగ్గరుంటే వీడికి మంచిది కాదు. నాకు వీడి మీద ఏమీ రావట్లేదు. నేను లేకపోతేనే బాగుంటాడు."

కమలాబాయి చేట పక్కన పెట్టి పిల్లవాణ్ణి అందుకునేలోపే ఆమె గేటు దాటింది. చెప్పులు కూడా లేవు. అలవాటైన కాళ్లు ఆమెని బస్‌స్టాప్‌కి తీసుకెళ్లాయి. వచ్చిన బస్సు ఎక్కి కూర్చుంది. చివరి స్టాప్‌లో దిగలేదు, మళ్లీ అదే బస్సులో వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ఎక్కడ దిగి ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నానని తరవాత చెప్పింది. ఆ బస్సులో కండక్టరు ఆమె డిపో మనిషే కావడం మన అదృష్టం. అతను ముఖం చూసి, ఏమీ అడక్కుండా, ట్రిప్పు అయ్యాక తనే వెంట వచ్చి ఇంటి దగ్గర దించి వెళ్లాడు.

ఆ సాయంత్రం కమలాబాయి మేడెక్కింది. పిల్లవాడు ఇంకా ఆమె భుజం మీదే ఉన్నాడు. బాబ్జీ ఆఫీసుకి వెళ్లడానికి షర్టు వేసుకుంటున్నాడు.

"ఏందయ్యా బాబ్జీ, మీ అమ్మేమో గాలంటది, నువ్వేమో ఆఫీసంటవ్. గా పిల్ల పసిగుడ్డును నా చేతుల వెట్టి ఎల్లిపోయింది, ఎరుకేనా? ఇయ్యాల దొరికింది. రేపు దొరుకుతదా? గా షర్ట్ విప్పు, జెర కూసో. మంచి డాక్టర్‌కు సూపిస్తవా, నన్ను తీస్కపొమ్మంటవా?"

బాబ్జీ ఆ రోజు ఆఫీసుకి వెళ్లలేదు. కమలాబాయికి తెలిసిన వాళ్లని అడిగి, క్లాక్ టవర్ దగ్గర దేవసహాయం అనే పెద్దాయన్ని పట్టుకున్నారు. మనసు జబ్బుల డాక్టరు. గది నిండా పాత కుర్చీలు, గోడకి ఒక క్యాలెండరు. ఆయన బాబ్జీని బయట కూర్చోమని చెప్పి, ఆమెని అడిగాడు:

"కాన్పు ఎలా జరిగిందమ్మా?"

అంతకాలంలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. కొడుకా కూతురా అని అడిగారు, ఎన్ని కిలోలు అని అడిగారు, ఎవరి పోలిక అని అడిగారు. లోవలక్ష్మి మొత్తం చెప్పింది. ఆయన మధ్యలో "నిజమేనా" అనలేదు. చివరికి అన్నాడు: "నడుములో ఇచ్చే మత్తు ఒక్కోసారి సరిగ్గా ఎక్కదు. అలాంటప్పుడు ఆగాలి. మళ్లీ ఇవ్వాలి, లేకపోతే పూర్తి మత్తు ఇవ్వాలి. నీకు ఎక్కలేదు. నువ్వు చెప్పావు. వాళ్లు ఆగలేదు. నీ బుర్ర ఇంకా ఆ బల్ల మీదే ఉంది, అందుకే నిద్ర లేదు. పైగా పురుటి తరవాత చాలామంది తల్లులకి దిగులు జబ్బు వస్తుంది. ఇది పిచ్చీ కాదు, గాలీ కాదు, నువ్వు చెడ్డ తల్లివీ కాదు. జబ్బు. తగ్గుతుంది."

బాబ్జీని లోపలికి పిలిచి అతనికీ అదే చెప్పాడు. ఆమెని కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దన్నాడు. మందులు రాశాడు, వారం వారం రమ్మన్నాడు.

మందులు పనిచేశాయి. మెల్లగా నిద్ర వచ్చింది. అన్నం రుచి తెలిసింది. దిగులు తగ్గుతున్న కొద్దీ దాని కింద అణిగి ఉన్నది పైకి లేచింది. కోపం. "కోపం వస్తోంది డాక్టరుగారూ" అంటే ఆయన "రానీ" అన్నాడు.

ఒకరోజు పొద్దున బాబ్జీని వెంటబెట్టుకుని నర్సింగ్ హోమ్‌కి వెళ్లింది. వసుధ గుర్తుపట్టి నవ్వింది. "బాబు ఎలా ఉన్నాడు?"

"బాబు గురించి రాలేదు మేడం. నా గురించి వచ్చాను. నన్ను మత్తు ఎక్కకుండా కోశారు."

వసుధ నవ్వు తగ్గింది, చల్లదనం తగ్గలేదు. "అదంతా కలమ్మా. చివర్లో ఇచ్చిన మందుకి అలాంటి పీడకలలు వస్తాయి. చాలామంది ఇలాగే వచ్చి చెబుతారు."

చాలామంది! ఆ మాటతో తను ఏం ఒప్పుకుందో వసుధకే తెలియలేదు.

"కల మందు తరవాత వచ్చింది. కోత మందుకి ముందు పడింది," అంది లోవలక్ష్మి. "నా పొట్ట తెరిచి పెట్టుకుని మీరిద్దరూ ప్లాట్ల గురించి మాట్లాడుకున్నారు. కొంపల్లిలో గజం ధర పెరిగిపోయిందని మీరన్నారు. శామీర్‌పేట దాటితే ఇంకా చవగ్గా దొరుకుతున్నాయి, మా బావమరిది చూసిపెడతాడని ఆయనన్నాడు. ఇదీ కలేనా?"

వసుధ బల్ల మీద పెన్ను అటు జరిపి ఇటు జరిపింది. పక్క గదిలో ఇంకో కేసుకి వచ్చి ఉన్న యుగంధర్‌ని పిలిపించింది. అతను నిలబడే మాట్లాడాడు.

"చూడమ్మా, కొందరికి సరిగ్గా ఎక్కదు. అది ఎవరి తప్పూ కాదు."

"ఎక్కకపోవడం మీ తప్పని నేను అనలేదు. ఎక్కలేదని చెప్పిన మనిషిని కొయ్యడం మీ తప్పు."

"బిడ్డ క్షేమం చూడాలి కదా."

"బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది, కంగారేమీ లేదన్నారు ఈ మేడమే. కంగారు మీది సార్. ఇంకో ఆసుపత్రికి పోవాలని మీకు కంగారు."

ఆమె గొంతు బయట కూర్చున్న గర్భిణులకి వినబడింది. వసుధ లేచి తలుపు వేయబోయింది. "తియ్యండి ఆ తలుపు! అప్పుడు గుడ్డ అడ్డం పెట్టారు, ఇప్పుడు తలుపా?" యుగంధర్ చేతి గడియారం చూసుకుని వెళ్లిపోయాడు. క్షమించమని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు.

బయటికి వచ్చాక బాబ్జీ స్కూటర్ దగ్గర తల దించుకుని నిలబడ్డాడు. "ప్లాట్ల సంగతి అనగానే ఆవిడ ముఖం మారింది లక్ష్మీ. అంటే నువ్వు చెప్పిందంతా..."

"నా మాట నమ్మడానికి నీకు ప్లాటు కావాల్సొచ్చిందా బావా?"

ఆమె స్కూటర్ ఎక్కలేదు, ఇంటికి నడిచే వెళ్లింది. ఒక వకీలుని కూడా కలిశారు. ఆయన విని, "తల్లీ బతికింది, బిడ్డా బతికాడు. నష్టం ఏమిటని రాయాలి?" అన్నాడు. డాక్టర్ల సంఘానికి ఫిర్యాదు రాశారు. అందినట్టు కూడా ఎవరూ చెప్పలేదు.

మళ్లీ ఉద్యోగంలో చేరింది. రాజుగాడు నడవడం నేర్చుకునే వేళకి ఆమె వాణ్ణి ఎత్తుకుని ముద్దు పెట్టుకోగలిగింది. అందరి తల్లులకీ మొదటి రోజు వచ్చే ఆ ప్రేమ తనకి అంత ఆలస్యంగా వచ్చిందని ఆమె ఇప్పటికీ పళ్లు కొరుకుతుంది. ఆ నెలలు ఎవరు తిరిగిస్తారు?

కొన్నేళ్లకి రెండో కడుపు వచ్చింది. అనుకుని తెచ్చుకున్నది కాదు. బాబ్జీ కార్డు మాట ఎత్తలేదు. ఆమె సర్కారు ఆసుపత్రికి వెళ్లి, చూసిన ప్రతి డాక్టరుకీ ఆ పాత సంగతి చెప్పింది. కొందరు విన్నారు, కొందరు విసుక్కున్నారు. మళ్లీ ఆపరేషనే అన్నారు. ఆపరేషన్ రోజు మళ్లీ ఆ బల్ల ఎక్కింది. మత్తు డాక్టరు డోరా అనే నడివయసు ఆవిడ. సూది వేసి, చల్లటి దూది పెట్టి అడిగింది:

"ఇక్కడ తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"అయితే ఆగుదాం."

అంతే. సర్జన్ చేతులు ముడుచుకుని నిలబడింది. ఎవరూ విసుక్కోలేదు. ఆగారు. మళ్లీ చూశారు, ఇంకా తెలుస్తోందంటే డోరా ఆమెని కూర్చోబెట్టి మళ్లీ సూది వేసింది. "తొందరేం లేదు. నువ్వు తెలియడం లేదని చెబితేనే మొదలుపెడతారు." ఈసారి దూది తెలియలేదు, గిల్లితే తెలియలేదు. లోపల ఎవరో పెట్టెలో బట్టలు సర్దుతున్నట్టు కదలిక, అంతే. ఆడపిల్ల పుట్టింది. పిల్లని ఆమె చెంపకి ఆనించారు. లోవలక్ష్మి వెక్కివెక్కి ఏడ్చింది.

"నొప్పిగా ఉందా?" డోరా కంగారుగా వంగింది.

"లేదు మేడం. కోపం."

రెండంటే రెండు మాటలు. అయితే ఆగుదాం. దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు, కార్డు అక్కర్లేదు, ఏసీ అక్కర్లేదు. అది మొదటిసారి ఎందుకు అనలేకపోయారు? ఇది ఇంత సులువని తెలిశాక ఆమె కోపం తగ్గలేదు, రెట్టింపయింది.

వార్డులో అమ్మన్నమ్మ మంచం పక్కన కూర్చుని పత్యం అన్నం కలుపుతోంది. కోడలు పిల్లని వదలకుండా పట్టుకుని ఉండటం, పాలిస్తూ దాని ముఖమే చూస్తూ ఉండటం ఆవిడ చాలాసేపు గమనించింది. చివరికి గొంతు తగ్గించి అడిగింది.

"అయితే, అప్పుడు రాజుగాడి పురిటికి నువ్వు సెప్పిందంతా నిజమేనేటే?"

లోవలక్ష్మి అత్త వైపు తిరిగింది. "ఇప్పుడు అడుగుతున్నావా అత్తా?"

అమ్మన్నమ్మ ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. కోడలు నోరు తెరిచి ఆ ముద్ద అందుకుంది. ఆకలిగా ఉంది కాబట్టి తింది. క్షమించానని మాత్రం అనలేదు.